మా సడ్డకుడి రాడార్

2009 జనవరి 26, సోమవారం. కొత్తగూడెం, మా ఇంటి ముందుగది. ఢిల్లీ కవాతు టీవీలో నడుస్తున్న సమయం.

హాజరైనవారు: నేను. మా ఆవిడ. ఆమె చెల్లెలు, ముందురోజు జూలూరుపాడు నుంచి బస్సులో వచ్చింది. మా మామగారు. ఆయన కుడికంటికి శుక్లం తీయించాం, పచ్చగుడ్డ ఇంకా విప్పలేదు. ఎడమకన్ను చాలా ఏళ్ళ నుంచి అంతంతమాత్రం.

రానివాడు: మా సడ్డకుడు. కిందటి వానాకాలంలో గుండెపోటుతో పోయాడు.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. భద్రాచలంలో గోదావరి నీటిమట్టం చూసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. అక్కడ డ్యూటీలో ఎవరున్నారో రాసిన తర్వాతే నీటి అంకె రాయాలి. ఇంటి సంగతులు రాసేటప్పుడూ ఆ అలవాటు పోలేదు.

సడ్డకుడు అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. తోడల్లుణ్ణి మా వైపు అలాగే అంటాం. అతను సైన్యంలో, ఫిరంగి దళంలో, రాడార్ మీద పనిచేశాడు. శత్రువు అవతలి కొండ వెనక దాక్కుని ఫిరంగి పేలుస్తాడు. గుండు ఇటువైపు వచ్చి పడేలోపే ఈ రాడార్ దాన్ని గాలిలో చూస్తుంది, అది వచ్చిన దారిని వెనక్కి లెక్కగట్టి ఫిరంగి ఫలానా చోట ఉందని చెబుతుంది. లారీల మీద ఊరూరా తిరుగుతుంది. మా ఇంట్లోవాళ్ళకు దాని గురించి తెలిసింది ఇంతే. ఫోటో ఒక్కటి కూడా లేదు. తీయనివ్వరట.

మామగారికి కనిపించదు గనుక టీవీలో వచ్చేదాన్ని నేను వరసగా చెబుతూ కూర్చున్నాను. ఒంటెలు, బ్యాండు, తలపాగాల దండు. నేనింతసేపు మాట్లాడినా ఆయన మధ్యలో బీడీ కోసం లేవకపోవడం అదే మొదటిసారి. తర్వాత ట్యాంకులు వెళ్ళాయి. వాటి వెనక ఒక పెద్ద బండి వచ్చింది. దాని నెత్తిన ఇనుప జాలీతో చేసిన గుండ్రటి పళ్ళెంలాంటిది మెల్లగా తిరుగుతోంది. వ్యాఖ్యాత హిందీలో గబగబా ఏదో అన్నాడు. మాకు అర్థమైన మాట రాడార్ ఒక్కటే.

మా మరదలు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది.

"బావా, ఇదేనా? ఆయనది ఇదేనా?"

"ఏంది? ఏమొచ్చింది?" అన్నాడు మామగారు, తల టీవీ వైపు కాకుండా కిటికీ వైపు తిప్పి.

నేను జవాబు చెప్పాను. ఏం చెప్పానో రాసేముందు అతని గురించి రాయాలి. ఆ జవాబులో అతని మీద నాకున్న అసూయ కూడా ఉంది. ఉంది అనే రాస్తున్నాను, ఉండేది అని కాదు. మనిషి పోతే అసూయ కూడా పోతుందని అనుకునేవాణ్ణి. పోదు. బతికున్నవాడైతే ఏదో ఒకరోజు పొరపాటు చేస్తాడని ఎదురుచూడవచ్చు. పోయినవాడు ఇక ఏ పొరపాటూ చేయడు.

అత్తగారింట్లో పెద్దల్లుణ్ణి నేను. కాళ్ళకు నీళ్ళ చెంబు ముందు నా చేతికే వచ్చేది. కాని ఆ చెంబు నాకిస్తున్నప్పుడు కూడా మా అత్తగారు గుమ్మం వైపే చూసేది, చిన్నల్లుడు ఎక్కడిదాకా వచ్చాడో అని. అతను వచ్చేవాడు. వచ్చిన వెంటనే స్కూటర్ను వెనక్కి తిప్పి, దాని ముఖం రోడ్డు వైపు ఉండేట్టు నిలిపేవాడు. చెప్పులు కూడా అంతే, ముందుభాగం బయటికి ఉండేట్టు విడిచేవాడు. వచ్చిన మనిషి కూర్చోకముందే వెళ్ళే ఏర్పాటు చేసుకుంటున్నాడని నాకు చిరాగ్గా ఉండేది. మా అత్తగారికి మాత్రం అది ముచ్చట. నా చెప్పులు ఎటు చూస్తున్నాయో ఆమె ఎన్నడూ గమనించలేదు.

ఒకచోట కుదురుగా కూర్చునేవాడు కాదు. పెళ్ళి పందిట్లో ఈ వరసలో కాసేపు, ఆ మూల కాసేపు, తర్వాత వంటల దగ్గర. దీపం కింద అసలు కూర్చోడు. నిద్ర లేచిన మరుక్షణం దుప్పటి మడిచి, నులకమంచం గోడకు నిలబెట్టేవాడు. అతను పడుకున్న చోట ఎవరో పడుకున్న గుర్తే ఉండేది కాదు. మాట కూడా అలాంటిదే. రెండు వాక్యాలు చెప్పి ఆపేసేవాడు. ఆ రెండు వాక్యాల కోసం ఇంటిల్లిపాదీ చేతిలో పనులు ఆపి నిలబడేవాళ్ళు.

ఎందుకంత తక్కువ మాట్లాడతావని ఒకసారి మా ఆవిడ అడిగింది. అతను నవ్వి, "మా రాడార్ ఎక్కువసేపు ఆన్‌ల ఉంటే అవతలోనికి దొరికిపోతం వదినా. చూసుడు, బంద్ చేసుడు, జాగ మారుడు" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో స్థిరపడింది. నేను శబరి, గోదావరి కలిసేచోట నీళ్ళు ఎందుకు ఎగదన్నుతాయో ఎవరికైనా వివరిస్తుంటే మా ఆవిడ లోపలి నుంచి, "మీరింకా ఆన్‌లనే ఉన్నరా" అనేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నది గురించి ఆమె నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అతను సెలవులో వస్తే మాత్రం గుండు ఎట్లా కనపడుతుంది, ఎంత సేపు కనపడుతుంది, పిట్ట అడ్డమొస్తే ఎట్లా అని పొయ్యి మీద కూర మాడేదాకా అడిగేది.

పిట్టల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆకాశంలో ఏది కదిలినా అతను తలెత్తేవాడు. కొంగ, కాకి, గద్ద, ఎవరో ఎగరేసిన గాలిపటం. చూసి, పెదవుల్లోనే దాని పేరు అనుకుని తల దించేవాడు. పేరు తెలియనిది కనిపిస్తే అది కనుమరుగయ్యేదాకా అన్నం ముద్ద చేతిలోనే ఉండేది. అతని నడుముకు తాయెత్తు కట్టించాలని మా అత్తగారు ఒకసారి పట్టుబట్టింది కూడా.

ఒక ఏడాది మిరపకాయ పండే రోజుల్లో అతను సెలవులో ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. మా అత్తగారి ఊరు భద్రాచలానికి దిగువన, గోదావరి ఒడ్డున ఉంది. ఊరి వెనక వాగు, వాగు దాటితే అడవి. ఆ అడవిలోంచి కోతులు తోటల మీద పడతాయి. అందుకని ప్రతి తోటలోనూ మంచె ఉంటుంది, మంచె మీద మనిషి ఉంటాడు, మనిషి చేతిలో వడిసెల ఉంటుంది. ఆరోజు ఎవరి వడిసెల రాయో దారి తప్పి వచ్చి మా అత్తగారి పెంకులు పగలగొట్టింది. ఇంకోటి వచ్చి అరుగు మీది ఆవకాయ జాడీకి తగిలింది. పక్కింటివాళ్ళతో ఆమెకు అప్పటికే కంచె తగాదా ఉంది. వీధిలో నిలబడి, పేరు పెట్టకుండా, వాళ్ళకు మాత్రమే తగిలేట్టు తిట్టడం మొదలుపెట్టింది.

పెద్దల్లుణ్ణి గనుక నేను రంగంలోకి దిగాను. చుట్టుపక్కల ప్రతి ఇంటికీ వెళ్ళి, మీ తోటలో ఇప్పుడు ఎవరున్నారు, ఏ వైపుకు విసురుతున్నారు అని పద్ధతిగా అడిగాను. పొద్దువాలేసరికి వీధిలో సగంమంది నాతో ముఖం తిప్పుకున్నారు. ఈలోపు అతను గోడ నీడలో మంచం వేసుకుని ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇంకో రాయి వచ్చింది. తాటిచెట్ల మీదుగా అది పైకి లేవడం చూశాడు. లేచి, అది వచ్చిన దారినే వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి మా అత్తగారి ముందు నిలబడ్డాడు.

"కోతి విసిరిందత్తా."

"కోతికి వడిసెల ఎవడిచ్చిండు?"

"మనల్ని చూసే నేర్సుకున్నయ్."

ఆమె తిట్లు మధ్యలో ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తగాదా అక్కడితో చల్లారింది. ఆ సాయంత్రం మామగారు తోట నుంచి వస్తూ ఒక ముంత కల్లు తెచ్చి, ఎవరికీ చూపకుండా చిన్నల్లుడి మంచం కింద పెట్టాడు. అప్పుడు నాకు అర్థమైంది. విసిరింది మామగారే. ఆయన తన మంచె మీద నుంచి తన ఇంటి పెంకులే పగలగొట్టుకున్నాడు. ఆ సంగతి కనిపెట్టినవాడు భార్య నోటి నుంచి ఆయన్ని కాపాడి, ఆయన గుండెలో ఇల్లు కట్టుకున్నాడు. నాకు ముంత రాలేదు. నేను అడిగి వచ్చిన ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ నాకు ఎదురైతే, "ఏం పెద్దల్లుడా, విచారణకొచ్చినవా?" అంటారు.

అతనిదీ నాదీ ఒక రకంగా ఒకే పని అని నాకు చాలాసార్లు అనిపించింది. అతను వచ్చినదాన్ని చూసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాడు. నేను పైన ఎక్కడ ఎంత నీరు బయలుదేరిందో విని, ఇక్కడికి ఎప్పుడు వస్తుందో చెబుతాను. కాని ఎప్పుడు వస్తుందన్న మాట ఎవరికీ రుచించదు. వింటే లేచి ఏదో ఒక పని చేయాలి. ఎక్కడి నుంచి వచ్చిందన్నది అందరికీ కావాలి. వింటే ఎవరినో ఒకరిని తిట్టవచ్చు.

ఇక వరద సంగతి. అతను సైన్యం నుంచి దిగిపోయే ముందు ఆఖరి పెద్ద సెలవులో ఉన్నప్పుడు జరిగింది. ఆగస్టు నెల. గోదావరి అప్పటికే పెరిగి ఉంది, అటు శబరి కూడా పోటెత్తింది. దిగువ ఊళ్ళకు హెచ్చరిక చెప్పడానికి మా ఆఫీసు జీపు వెళుతుంటే నేనూ ఎక్కాను. మధ్యాహ్నానికి అత్తగారి ఊరు చేరాను. మామగారు అరుగు మీద కూర్చుని నదివైపు చూస్తున్నాడు. నీళ్ళు ఇంకా చాలా దూరాన, కిందనే ఉన్నాయి.

నేను ఆయనకు వివరంగా చెప్పాను. శబరి అడ్డం తన్నడం వల్ల గోదావరి ముందుకు పోలేక వెనక్కి పొంగుతుంది, కాబట్టి నీళ్ళు ఎదురుగా నది నుంచి రావు, ఇంటి వెనక వాగులోంచి వస్తాయి, మీరు చూస్తున్న దిక్కు తప్పు అన్నాను. పైనుంచి వైర్‌లెస్‌లో వచ్చిన అంకెలు చెప్పాను. నేలమీద పుల్లతో రెండు నదులూ గీసి చూపించాను. ఆయన బీడీ కాల్చడం పూర్తిచేసి, "మా తాత కాలం కాడ్నుంచి నా అరుగెక్కలే" అన్నాడు. అత్తగారు ఆయనకే వంతపాడింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాను.

అప్పుడు అతను పశువుల కొట్టం నుంచి వచ్చాడు. నన్ను ఒక్కటే అడిగాడు.

"ఎప్పటికల్లా అన్నా?"

"చీకటి పడేలోపు."

ఎందుకు, ఎట్లా, ఎంత అని అడగలేదు. మామగారితో వాదించనూ లేదు. "మామా, పోవుడు సంగతి తర్వాత మాట్లాడుదం. ముందుగాల సర్దుదం. సర్దినంక గూడ వద్దంటే మళ్ళ దించుదం" అని మంచం నులక దగ్గర మొదలుపెట్టాడు. వాళ్ళ దళంలో పద్ధతి అదేనట. కదలమని ఆర్డరు వచ్చిందా లేదా అని చూడరు, ముందు విప్పి, మడిచి, బండికెక్కించి, తర్వాత ఆర్డరు కోసం ఎదురుచూస్తారు. ఎవరికి ఏ పని ఇవ్వాలో అతనికి ఆలోచించకుండానే తెలిసినట్టుంది. అత్తగారికి ధాన్యం గోతాల మూతులు కట్టడం, పాలేరుకు ఎడ్లు, నాకు గోడల మీది దేవుడి పటాలు. ఆఫీసరు హోదాలో హెచ్చరిక చెప్పడానికి వచ్చిన నేను పటాలు దించి గుడ్డలో చుడుతూ కూర్చున్నాను. పొయ్యి మీది అన్నం ఉడికేలోపు ఇల్లు బండికెక్కింది.

మామగారు లేచి ఖాళీ ఇల్లు ఒకసారి తిరిగి చూశాడు. మంచం లేదు, కుండ లేదు, గోడకు పటం లేదు. "ఇంకీడ కూసోని ఏం జేస్త" అని తనంతట తానే వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

ఊరి ఎత్తుమీది బడికి అందరం చేరుకున్నాం. నీళ్ళు వాగులోంచే వచ్చాయి, నేను చెప్పిన వైపు నుంచి, నేను చెప్పిన వేళకు. ఇంటి వెనక గోడ కూలింది. ఆరోజు నుంచి ఆ ఊళ్ళో, మా చుట్టాల్లో, పెళ్ళిళ్ళలో, చావుల్లో ఒకటే కథ. చిన్నల్లుడు లేకపోతే ముసలోళ్ళిద్దరూ కొట్టుకుపోయేవాళ్ళని. "ఎప్పటికల్లా" అని అతను అడిగినదాకా ఆ కథలో ఉంది. జవాబు చెప్పిందెవరో లేదు. నేను ఒకసారి నవ్వుతూనే గుర్తుచేశాను. మామగారు, "అవ్, నువ్వు గూడ ఉన్నవు, పటాలు దించినవు" అన్నాడు.

ఆ సాయంత్రం బడి వరండాలో జనమంతా ఒకచోట మూగి ఉంటే అతను మాత్రం చివర, చెట్టు చాటున, ఒక రాయి మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. మెచ్చుకోవడానికి కాదు. అందరూ ఇంతగా వెర్రెత్తే ఆ యంత్రంలో ఏముందో తెలుసుకుందామని. నేను అడగడం మొదలుపెడితే వరసగా అడుగుతాను, ఒకటి తేలనిదే రెండోదానికి పోను. ఆరోజు అతను కూడా ఆపలేదు. నేను చూసిన ఇన్నేళ్ళలో అతను అంతసేపు ఆన్‌లో ఉన్నది అదొక్కసారే.

వాళ్ళ రాడార్ తిరగదట. బల్లపరుపుగా, దొడ్డి తలుపు అంత పలకలా ఉంటుంది. లారీ మీద వెల్లకిలా పడుకుని వెళుతుంది, చోటు చేరాక దాన్ని లేపి వాలుగా నిలబెడతారు. ఎత్తు మీద పెట్టరు. ఏదో ఒక దిబ్బ వెనక, దిబ్బ అంచు మీదుగా ఆకాశం మాత్రం కనిపించేట్టు పెడతారు. మనుషులు దాని దగ్గర ఉండరు. ఒక చిన్న గదిలాంటి బండి విడిగా, దూరంగా ఇంకో పల్లంలో ఉంటుంది. మధ్యలో కేబుల్. అతను కూర్చునేది ఆ గదిలో. శత్రువు పలకను పసిగట్టి కొట్టినా గది మిగలాలి.

"పిట్టలతోనే తంటా అన్నా. ఇప్పుడింకో రకం వస్తున్నయట. మనిషి లేని చిన్న చిన్న ఇమానాలు, గద్దంత ఉంటయ్, మన మీదికొచ్చి చూసిపోతయ్. గుండైతే సక్కగ పైకి లేస్తది, పడతది, దానికో లెక్కుంది. ఇయి కొంగ తీర్గ తిరుగుతయ్. ఏది కొంగో ఏది కాదో చెప్పే మొనగాడు మా దళంల ఎవ్వడు లేడు."

ఇవన్నీ ఇంట్లో చెప్పావా అని అడిగాను. లేదన్నాడు. "ఒకటి చెప్తే దాని వెనకది అడుగుతది. అన్నీ తెలిస్తే ఆమెకు నిద్రెట్ల పడతది? ఏం లేదు, కూసుంటం అని చెప్పిన. అబద్ధం గాదు, కూసునుడే గద."

తర్వాత నా పని గురించి అడిగాడు. చెప్పాను. మధ్యలో లేవకుండా విన్నాడు. విని, "నీదే నయం అన్నా. నీకు వచ్చేది ముందుగాల్నే తెలుస్తది. మాకు వాడు పేల్చినంకనే" అన్నాడు. నా ఉద్యోగం గురించి ఎవరైనా చెప్పిన మంచి మాట ఆ ఒక్కటే. అది కూడా అతని నోటి నుంచే రావలసి వచ్చింది. అంత తేలిగ్గా ఎదుటివాణ్ణి మెచ్చుకోగలిగినందుకు కూడా అతని మీద నాకు అసూయ పుట్టింది.

ఇప్పుడు టీవీ దగ్గరికి వస్తాను.

తెర మీద తిరుగుతున్నది గుండ్రటి జాలీ పళ్ళెం. అతనిది తిరగని పలక. కనుక ఇది అతనిది కాదు. ఇది విమానాల కోసం చూసే ఇంకేదో రాడార్ అయి ఉంటుంది. నాకు అనుమానం లేదు. మరదలు నా ముఖంలోకి చూస్తోంది. భర్త పోయాక ఆమె ఏదైనా గట్టిగా అడగడం నేను చూడలేదు. అతను ఏళ్ళ తరబడి ఏ యంత్రం పక్కన బతికాడో ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. అంతే. ఆమె కళ్ళ ముందు బండి తెర మీద నుంచి దాటిపోతోంది.

కాదు అందామనుకున్నాను. నిజమూ అదే, పైగా ఆ మాట అనడంలో నాకు ఒక సుఖం కూడా కనిపించింది. రాజధాని వీధిలో అందరూ చప్పట్లు కొడుతుంటే, ఇది మీ చిన్నల్లుడిది కాదు మామా అని చెప్పే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు.

ఈలోపు మామగారు అన్నాడు. "పెద్దల్లునికేం తెలుస్తదే. పెనుబల్లిల మిలిటరీల జేసినాయన ఉన్నడు గద, ఆయనకు ఫోన్ కొట్టుండ్రి, చెప్తడు."

"అదే" అన్నాను. "అతనిదే. నాకు తెలుసు."

జాలితో అన్నానని రాస్తే మా ఆవిడ చదివి నవ్వుతుంది. మరదలి మీద నాకు జాలి లేకపోలేదు. కాని ఆ క్షణంలో నన్ను తోసింది ఆ పెనుబల్లి ఆయనే. ఇన్నేళ్ళకు నన్ను ఒక ప్రశ్న అడిగారు. దాన్ని ఇంకొకరి చేతుల్లోకి పోనివ్వలేకపోయాను.

మరదలు లేచి తెర దగ్గరికి వెళ్ళింది. అప్పటికే బండి దాటిపోయి, ఏదో రాష్ట్రం వాళ్ళ పూల శకటం వచ్చింది. "అబ్బ, ఎంత ఎత్తున్నది" అంది. మామగారు కిటికీ వైపు చూస్తూ చప్పట్లు కొట్టాడు. నన్ను మళ్ళీ చెప్పమన్నాడు, ఎట్లా ఉంది, ఎంత పెద్దది, ఎట్లా తిరిగింది అని. నేను చెప్పాను. అతని కవాతుకు వ్యాఖ్యానం నాది.

వంటింట్లో మా ఆవిడ గ్లాసులు కడుగుతూ నన్ను అడిగింది. "నిజంగ అదేనా?"

"ఎందుకు?"

"ఏం లేదు. మీరు అంకె తప్పు చెప్పరు గద, అందుకని."

నేను గ్లాసులు తుడిచి పెట్టాను.

మర్నాడు పొద్దున మామగారి కంటి గుడ్డ విప్పించడానికి దవాఖానాకు వెళ్ళాలి. ఆటో చెప్పి ఉంచాను. నేను తయారై అరుగు మీదికి వచ్చేసరికి మరదలు అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడ నాకు కళ్ళతోనే సైగ చేసింది, చెల్లెలు నిద్రపోలేదని.

"బావా, ఒక మాట అడుగుత" అంది మరదలు. "అది గంత ఎత్తున, గట్ల తిరుగుకుంట ఉంటే దూరం నుంచి అందరికీ కనపడతది గద. అవతలోడు ముందుగాల దాన్నే కొడతడు. ఆయన రోజూ దాని కిందనే కూసునేటోడా?"

మా ఆఫీసులో తప్పు అంకె పడితే దాన్ని చెరపకూడదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఆమె పక్కన కూర్చున్నాను. నిన్న నేను చెప్పింది తప్పు, టీవీలో వచ్చినది అతనిది కాదు అని ముందు చెప్పాను. తర్వాత సరైనది చెప్పాను. తిరగని పలక, దాన్ని దాచే దిబ్బ, విడిగా ఉండే గది, మధ్యలో కేబుల్.

"దూరమా? ఎంత దూరం?"

వీధి చివర నీళ్ళ ట్యాంకు చూపించి, అంతకంటే ఎక్కువే అన్నాను. ఆమె ట్యాంకు వైపు చాలాసేపు చూసింది. గదిలో ఇంకెవరుంటారు, ఎండ తగులుతుందా, అన్నం ఎవరు తెచ్చిస్తారు, పిడుగులు పడితే ఏం చేస్తారు అని ఒకదాని వెనక ఒకటి అడిగింది. తెలిసినవి చెప్పాను, కొంగలతో వాళ్ళు పడే తంటా కూడా చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, తర్వాత గడప మీద కూర్చుంది. మామగారు మంచం మీద నుంచే, "కొంగల సంగతి మళ్ళోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆటో వచ్చి హారన్ కొట్టింది, ఎవరూ లేవలేదు. నేను మాట్లాడుతుంటే ఎవరూ లేవకుండా వినడం నా జీవితంలో ఆ పొద్దున జరిగింది. విన్నదంతా అతని గురించే. అయినా ఆపబుద్ధి కాలేదు.

చివరికి మరదలు ముఖం తుడుచుకుంది. ఆమె భయం తీరిందని తెలుస్తూనే ఉంది. భుజాలు కిందికి దిగాయి. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇదంతా ఆయన నీకు చెప్పిండా, బావా?"

"వరద రోజు, బడి దగ్గర" అన్నాను.

"నాకు ఒక్క ముక్క చెప్పలే. ఏం లేదు, కూసుంటం అన్నడు." ఆగి మళ్ళీ అంది. "నీకు మాత్రం అన్నీ చెప్పిండు."

ఆమె గొంతులో ఏముందో నాకు ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు. అత్తగారింటి అరుగు మీద, చేతిలో నీళ్ళ చెంబుతో, నేను లోపల్లోపల ఎన్నిసార్లు ఆ గొంతుతో మాట్లాడుకున్నానో. నువ్వు భయపడతావనే చెప్పలేదని అనవచ్చు. నేను అడిగాను గనుక చెప్పాడని అనవచ్చు. ఏదన్నా అది నాకు దక్కినదాన్ని ఆమెకు చూపించినట్టే ఉంటుంది.

మామగారి చేయి పట్టుకుని ఆటో ఎక్కించాను. వెనక సీట్లో ఆయనకు చెరో పక్కన అక్కాచెల్లెళ్ళు కూర్చున్నారు. నేను డ్రైవరు పక్కన సర్దుకున్నాను. దవాఖానా చేరేదాకా మా మరదలు నాతో మాట్లాడలేదు.